వంక లేని బ్యాగు

"ఏవండీ! ఏం చేస్తున్నారండీ అక్కడ?"

షాపంతా తిరిగి చూసింది. నీళ్ళ సీసా పట్టుకున్న పొడుగాటి కుర్రాడు మాత్రం తిరగలేదు. ర్యాకుకి వేలాడుతున్న నల్ల బ్యాగు మీద సన్నటి ధారగా నీళ్ళు పోస్తూ, అవి ఎటు జారుతున్నాయో వంగి మరీ చూస్తున్నాడు.

"వాటర్‌ప్రూఫ్ అని రాశారు కదండీ. నిజమో కాదో చూస్తున్నా."

"చొక్కా మీద ఉతకొచ్చని రాసుంటే, బట్టల షాపులోనే బకెట్టు పెట్టి ఉతికేస్తారా?"

"చొక్కా తడిస్తే ఆరేసుకుంటానండీ. బ్యాగులో నా సామాను తడిస్తే కొత్తది రావడానికి ఆర్నెల్లు పడుతుంది."

టెంట్లు, తాళ్ళు, బూట్లు, స్లీపింగ్ బ్యాగులు, కొండలెక్కేవాళ్ళకి కావలసినవన్నీ అమ్మే షాపు అది. అందులో బ్యాగుల సెక్షన్ ఆ అరిచిన అమ్మాయిది. ఆమెకి కోపం ముక్కు మీదే ఉంటుంది. అయితే ఆ రోజు కోపం నిలబడలేదు. "గుడ్డ ఇవ్వండి, తుడిచేస్తాను" అని అతను నిజంగానే గొంతుక్కూర్చుని నేల తుడిచాడు. బేరాలాడే కస్టమర్లని చూసింది, అరిచే కస్టమర్లని చూసింది. నేల తుడిచే కస్టమర్ని చూడటం ఆమెకి అదే మొదలు.

"ఏం పని చేస్తారేంటి మీరు?"

"వాన కొలుస్తానండీ."

"కొలిచి?"

"రాసుకుంటాను."

ఆమెకి నవ్వాగలేదు. అతను వాతావరణ కేంద్రంలో మెకానిక్. వాననీ గాలినీ కొలిచే పరికరాలు రిపేరు చేస్తాడు. ఇప్పుడు కొండ మీది కేంద్రానికి రమ్మంటున్నారు. రోడ్డు సగం దాకే ఉంది, ఆ పైన నడక. సామానంతా వీపు మీదే మోసుకెళ్ళాలి. కిందికి దిగిన రోజుల్లో అదే బ్యాగుతో బస్సెక్కాలి, ఆఫీసుకెళ్ళాలి.

"కొండకీ ఆఫీసుకీ ఒకటే కావాలండీ. పెద్దది, గట్టిది. ఇదిగో, ఇలా మిలిటరీ టైపు."

"టాక్టికల్ అంటారు."

"అదే. ఏది మంచిదో మీరే చెప్పండి."

ఆమె ఆ నల్ల బ్యాగులో ఇసుక మూటలు వేసి అతని వీపుకెక్కించింది. ఖాళీ బ్యాగు ఎవరి వీపు మీదైనా బాగానే ఉంటుంది. జనం అద్దంలో చూసుకుని మురిసిపోతారు. బరువేసి మెట్లెక్కితే గానీ దాని సంగతి తెలియదు. అతను మెట్లెక్కి దిగేసరికి నడుము బెల్టు పొట్ట మీదికి వచ్చేసింది.

"ఇది మీకు పొట్టి. వద్దు."

"మీరు చెప్తే అదేనండీ."

అదిగో, ఆ మాట దగ్గరే పడిపోయింది పిల్ల. ఆ షాపుకొచ్చే ప్రతి మగాడూ నాలుగు వీడియోలు చూసొచ్చి ఆమెకే బ్యాగుల గురించి పాఠం చెప్తాడు. 'మీరు చెప్తే అదే' అన్నవాడు ఇతనొక్కడే. ఎంత మర్యాద, ఎంత నమ్మకం అనుకుంది. ఏమనుకుందో బాగా గుర్తుపెట్టుకోండి.

వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి అన్నాడు. "తొందరేం లేదండీ. వానాకాలం మొదలయ్యేలోపు ఎప్పుడైనా చేరొచ్చు. మంచి బ్యాగు దొరకాలి, అంతే. దొరికిన మర్నాడే ప్రయాణం."

పై శనివారం అతను మళ్ళీ వచ్చాడు. ఆ వారమంతా 'దొరికిన మర్నాడే ప్రయాణం' అన్న మాట ఆమె చెవిలో గింగుర్లు తిరుగుతూనే ఉంది. అందుకని బ్యాగు దొరక్కుండా చూసే పని ఆమె స్వయంగా నెత్తినేసుకుంది.

"దీని జిప్పు చలికి బిగుసుకుంటుందండీ."

"ఈ పట్టీల వరసలున్నాయి చూశారా, పౌచులు తగిలించుకోడానికి? బస్సులో పక్కవాళ్ళ ఇయర్‌ఫోన్లన్నీ వీటికి చుట్టుకుని మీతో వచ్చేస్తాయి."

"ఈ మచ్చల రంగు వద్దు. ఆఫీసు గేటు దగ్గరే ఆపేస్తారు."

"ఈ బకిల్ క్లిక్‌మన్న చప్పుడు బాలేదు."

"చప్పుడుకేమైందండీ?"

"ధైర్యంగా లేదు."

అతను బకిల్‌ని మరోసారి క్లిక్‌మనిపించి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "నిజమేనండీ. కొంచెం పిరికిగానే ఉంది" అన్నాడు సీరియస్‌గా. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, నవ్వు ఆపుకోలేక చెరో ర్యాకు వైపూ తిరిగారు.

అతను వెళ్ళగానే క్యాష్ కౌంటర్లో కూర్చునే అక్క పట్టుకుంది. "బకిల్‌కి ధైర్యమేంటే, వంకలరాణీ?"

"ఆయనకి సరిపోయేది మన దగ్గర లేదక్కా."

"బ్యాగా, పిల్లా?"

షాపు ఓనరు పెద్దాయన కళ్ళజోడు పైనుంచి చూశాడు. "అమ్మాయ్, నీ వానబ్బాయి బ్యాగు కొంటాడా, ఇక్కడే కాపరం పెడతాడా?"

ఆమె చెంపలు మండాయి. అయినా ఆ శనివారం నుంచి ఈ శనివారం దాకా బతుకు ఎంత బాగుందో ఆమెకే తెలుసు.

కొత్త స్టాకులో ఒక ఆకుపచ్చ బ్యాగు రావడంతో చిక్కొచ్చిపడింది. బట్ట మందం, కుట్లు రెండు వరసలు. వీపు దగ్గర పొడుగుని బట్టి జరుపుకోవచ్చు. లాప్‌టాప్‌కి అర ఉంది, బరువు భుజాల మీద పడకుండా నడుముకి దిగుతుంది. ఆమె దాన్ని తిరగేసి, బోర్లేసి, ఇసుక మూటలతో నింపి చూసింది. వంక పెడదామంటే ఒక్కటీ దొరకలేదు. అతని కోసమే కుట్టినట్టుంది.

ఇది కనపడితే అతను వెళ్ళిపోతాడు. నిచ్చెన వేసుకుని పై అరలో, స్లీపింగ్ బ్యాగుల వెనక దాన్ని తోసేసింది.

ఆ తర్వాత ఒక శనివారం అతను ఉన్నట్టుండి అడిగాడు. "నిజం చెప్పండి. నన్ను కొండెక్కమంటారా, మానెయ్యమంటారా?"

"నేనెవర్నండీ చెప్పడానికి?" అంది. తను ఎవరో అతనే చెప్తాడేమోనని ఎదురుచూసింది.

అతను పై అర వైపు చూసి, తనలో తను నవ్వుకుని వెళ్ళిపోయాడు. ఆ నవ్వెందుకో ఆమెకి అప్పుడు తెలియలేదు.

మబ్బులు కమ్ముకునే రోజులొచ్చాయి. ఆ శనివారం అతను తడిసి ముద్దై వచ్చాడు. పాత బ్యాగు పట్టీ తెగిపోతే తీగతో కట్టుకున్నాడు. చొక్కా పక్కకి జరిగినప్పుడు భుజం మీద తీగ ఒరుసుకున్న ఎర్రటి గాటు కనపడింది.

"ఏంటండీ అది?"

"ఏం లేదండీ. మంచి బ్యాగు దొరికేదాకా ఇలాగే." నవ్వబోయాడు. పట్టీ తగిలి మొహం చిట్లించాడు.

ఆమెకి తన మీద తనకే అసహ్యమేసింది. నా సంబరం కోసం ఇతని భుజం ఒరుసుకుపోవాలా? ఇంకేం ఆలోచించలేదు. నిచ్చెన వేసుకుంది, ఆకుపచ్చ బ్యాగు దించింది, దుమ్ము దులిపింది.

అతని మొహంలో నవ్వు పోయింది. "ఇదెక్కడిది?"

"ఇవాళే వచ్చింది" అంది, తల వంచుకుని.

"దీనికి వంకేం లేదా?"

"లేదండీ."

"ఏదో ఒకటి ఉంటుంది. చూడండి."

"చూశాను. లేదు."

ఇసుక మూటలు వేసి, ఆమే అతని వీపుకెక్కించింది. నడుము బెల్టు బిగించింది. భుజం పట్టీ గాటుకి తగలకుండా పక్కకి జరిపి, అతని ఛాతీ మీద బకిల్ పెట్టింది. అతని తల నుంచి వాన చుక్క ఒకటి ఆమె చేతి మీద పడింది. తుడుచుకోలేదు.

"తీసుకోమంటారా?" అన్నాడు మెల్లగా. "మీరే చెప్పండి."

ఆగమంటే ఆగేవాడు. ఆమెకి ఎర్రటి గాటొక్కటే కళ్ళలో మెదులుతోంది. "తీసుకోండి" అంది.

అతను తల ఊపాడు. బిల్లు కట్టి, వెనక్కి తిరగకుండా వానలోకి వెళ్ళిపోయాడు. క్యాష్ కౌంటర్ అక్క కూడా ఆ రోజు వంకలరాణీ అని పిలవలేదు.

మరుసటి శనివారం రాలేదు. ఆ పై శనివారమూ రాలేదు. గుమ్మం దగ్గర గొడుగు దులిపిన చప్పుడైతే చాలు, ఆమె ఉలిక్కిపడి చూసేది.

చివరికి ఒక మధ్యాహ్నం అతని పోలికలే ఉన్న కాలేజీ పిల్ల ఒకతి వచ్చింది. బ్యాగులేవీ చూడకుండా తిన్నగా ఆమె దగ్గరికొచ్చి నిలబడింది.

"బ్యాగు దాచిన అక్క మీరేనా?"

ఆమె చేతిలో ఇసుక మూట జారిపడింది.

"నేను ఆకుపచ్చ బ్యాగు కొన్నాయన చెల్లెల్నండీ. పై అరలో పట్టీ వేలాడుతుంటే మీరు దాచిన మొదటి వారమే అన్నయ్య చూశాడు. ఇంటికొచ్చి గంతులేశాడు. 'నేను వెళ్ళకూడదనే దాచింది, అది దించనన్నాళ్ళూ నేనంటే ఇష్టమున్నట్టే' అన్నాడు. వానలు మొదలయ్యేదాకా దించకపోతే అమ్మానాన్నల్ని తీసుకుని మీ ఇంటికి రావాలని అనుకున్నాం. అమ్మ సరేనంది కూడా. వదినా అని పిలవడానికి నేను అద్దం ముందు రిహార్సల్ కూడా చేసుకున్నాను." పిల్ల కళ్ళలో నీళ్ళు. "తీరా మీరే దించి ఇచ్చేశారట. ఎందుకండీ పొమ్మన్నారు?"

అతనికి తెలుసా? అన్నాళ్ళూ తెలిసే వచ్చాడా? కొండెక్కమంటారా అని అడిగిన రోజు, పైన ఏముందో తెలిసే నవ్వాడా?

"ఫోన్ కలుపు" అంది.

పిల్ల కలిపి ఇచ్చింది. అవతల గాలి హోరు.

"ఏంటే?" అన్నాడు చెల్లెలనుకుని.

"నేను. బ్యాగుల షాపు నుంచి."

"బాగున్నారా?" అన్నాడు. "పట్టీలు మీరు సర్దినట్టే ఉంచానండీ. మార్చలేదు."

"నేను దాచిన బ్యాగు మీరు చూశారట."

"... చూశాను."

"చూసి?"

"సంతోషపడ్డాను."

"ఆ సంతోషమేదో నాకూ చెప్పొచ్చు కదా?"

"మీరే బయటపడతారని..."

"పడ్డాను కదండీ! మీ భుజం చూడలేక దించాను దాన్ని. పొమ్మని కాదు!"

"మీరు పొమ్మన్నారనుకున్నాను" అన్నాడు. "ఒక్క మాట చెప్పొచ్చు కదండీ మీరైనా?"

"చెప్పొచ్చు. చెప్పలేదు. అబద్ధాలు కూడా ఆడాను. తప్పు నాది కూడా. అందుకే ఇప్పుడు చెప్తున్నా, వినండి. మీరంటే నాకిష్టం. బ్యాగు మీద నీళ్ళు పోసిన రోజు నుంచీ ఇష్టం." క్యాష్ కౌంటర్ అక్క వింటోందని తెలిసీ గొంతు తగ్గించలేదు. "ఇప్పుడు మీరు చెప్పండి."

"మీకు తెలుసు కదండీ."

"తెలీదు. చెప్పండి."

"ఇక్కడ మూడేళ్ళకి బాండు రాసిచ్చేశాను. అయినా పర్వాలేదు. మీరు రమ్మంటే వచ్చేస్తాను. ఉండమంటే ఉంటాను. మీరు చెప్తే అదే."

మీరు చెప్తే అదే.

ఆమె పక్కనున్న స్టూలు మీద కూలబడింది. ఇన్ని బ్యాగులకి లేని వంకలు పెట్టింది. మనిషిలో ఉన్న వంక మొదటి రోజే ఎదురుగా నిలబడితే, మర్యాద అనుకుని మురిసిపోయింది. బరువేసి చూడలేదు.

"మీకేం కావాలి?" అంది.

"మీకేది బాగుంటే అది."

"రేపు ఉద్యోగం పోయి, ఎప్పుడో విసుగొచ్చి, నువ్వే కదా రమ్మన్నావు అంటే నేనేం చెయ్యను?"

"అనను. ఒట్టు."

"అనకపోయినా అనుకుంటారు. నేను ఇక్కడే ఉన్నాను, ఫోన్ పెట్టెయ్యను. మీకేం కావాలో మీ నోటితో ఒక్కసారి చెప్పండి. ఏదైనా సరే."

ఆమె కళ్ళు మూసుకుంది. వస్తాను అను. పోనీ, రాను అను. ఏదో ఒకటి నీ అంతట నువ్వు అను. లోపల బతిమాలుకుంది. గాలి హోరు వింటూ కూర్చుంది.

"నాకు... అంటే, మీరెలా..." నసిగాడు. "మీరే చెప్పండి."

"అయితే అక్కడే ఉండండి" అంది. ఫోన్ పిల్ల చేతిలో పెట్టేసింది.

పిల్ల భోరుమంది. "ఎందుకక్కా? వస్తానంటున్నాడు కదా!"

"వస్తాననలేదమ్మా. రమ్మంటే వస్తానన్నాడు."

పిల్ల వెళ్ళిపోయింది. క్యాష్ కౌంటర్ అక్క లేవబోయి, ఎందుకో మళ్ళీ కూర్చుంది. ఆమె ర్యాకు వైపు తిరిగి, నల్ల బ్యాగు పట్టీలు సర్దుతున్నట్టు నిలబడింది. అది ఇంకా అమ్ముడుపోలేదు. దాని మీద తల ఆనించి, చప్పుడు రాకుండా ఏడ్చింది. కన్నీళ్ళు బట్టలోకి ఇంకలేదు. జారి నేల మీద పడ్డాయి. వాటర్‌ప్రూఫ్ అని రాసింది నిజమే.

"ఏవండీ, ఇందులో ఏది మంచిదండీ?" వెనక ఎవరో కస్టమర్ అడుగుతున్నాడు.

"ఒక్క నిమిషమండీ" అని ఆమె గుడ్డ తెచ్చుకుని, గొంతుక్కూర్చుని నేల తుడిచింది.