మంట పుట్టని పొగ

"ఎక్స్‌పైరీ అయిన మాత్రలు. లారీల కొద్దీ పలాస దాకా వచ్చి మాయమవుతున్నాయి." టెక్కలి గెస్ట్‌హౌస్‌లో తలుపు గడియ పెట్టి చెప్పాడు చీఫ్. "బ్రూనో అనే విదేశీయుడి గ్యాంగ్. పారేసిన మాత్రల్ని అసిటోన్‌లో కరిగించి, మందు పొడి రాబట్టి, కొత్తగా అచ్చు పోస్తున్నారు. ఆదివారం పదింటికి ఉద్దానంలో ఫ్రీ క్యాంప్. కిడ్నీ రోగులు మింగి బతికితే అమ్ముకుంటాడు. చస్తే, ఉద్దానంలో చావులు కొత్తా అంటాడు."

ఏజెంట్ రాజకుమారి క్యాంపుకు రావాల్సిన రోగుల జాబితా చూసింది. మొదటి పేరు ఆమె మేనత్త బొడ్డమ్మది.

పార్ట్‌నర్ ఇందు నల్లకళ్లద్దాలు సవరించుకుంది. సెంటు వాసన గదంతా ఉంది. ఇద్దరూ జీడి పిక్కలు కొట్టే కూలీల వేషం వేయాలి. చీఫ్ రెండు సీసాలిచ్చాడు.

"వేళ్లకు జీడి మరక. ఫారిన్ రంగు. సబ్బుకు పోదు, అసిటోన్‌కే పోతుంది."

ఇందు అక్కడే వేళ్లకు పూసుకుంది. రాజకుమారి సీసా ముట్టుకోలేదు. మూడు రోజులు బొడ్డమ్మ పక్కన కూర్చుని పిక్కలు కొట్టింది. వేళ్లు నల్లబడి పొక్కాయి.

"ఒలే రాజీ, గవర్నమెంటు ఉజ్జోగం ఊడిపోయినాదేటే? సేతులిలా కాల్సుకుంతన్నావు!"

"సెలవు పెట్టానత్తా."

పలాసలో జీడి తొక్కలు కాల్చే పొగకు కళ్లు మండాలి. ఒక్క షెడ్డు దగ్గర మండలేదు. వాకిట్లో తొక్కల గుట్టే లేదు. కిటికీలోంచి చూస్తే నీలం డ్రమ్ములు, చింపిన మాత్రల రేకులు, జీడిపప్పు ఆరబెట్టే జల్లెళ్లలో తెల్లపొడి. తొక్క లేకుండా జీడి ఫ్యాక్టరీ నడిపే ఈ మేధావి కోసమా ఢిల్లీలో మూడు మీటింగులు పెట్టారు!

ఆర్డర్ ప్రకారం లిప్‌స్టిక్ ట్రాన్స్‌మిటర్‌లో ఇందుకు చెప్పింది. "షెడ్డు దొరికింది. ఫోర్స్ పంపించు."

ఆదివారం ఎనిమిదింటికి పలాస బస్టాండులో ఇందు కొబ్బరిబొండం అందించింది. "ఫోర్స్ దారిలో ఉంది. నువ్వు రెస్ట్ తీసుకో."

బొండం పట్టుకున్న ఇందు వేళ్లకు రంగు లేదు, ఒలిచిన జీడిపప్పులా తెల్లగా ఉన్నాయి.

అసిటోన్ ఉన్నది ఆ షెడ్డులోనే. రాజకుమారి బొండం తాగలేదు. ఇందు ఆటో ఎక్కి కనుమరుగయ్యాక ట్రాన్స్‌మిటర్‌ను కాలవలో పడేసి, ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌లో దూరి నేరుగా చీఫ్‌కు ఫోన్ చేసింది. తర్వాత దొరికిన ఆటో ఎక్కింది.

తొమ్మిది యాభై తొమ్మిది. క్యాంపు పందిట్లో బ్రూనో నవ్వుతూ గడియారం చూస్తున్నాడు. బొడ్డమ్మ ఒక చేతిలో చెంబు, ఇంకో చేతిలో మాత్ర. మాత్ర పెదాల దాకా వెళ్లింది.

"అత్తా, మింగకు! పారేసిన మందు అది!" ఆటో దిగి పరుగెత్తుకొచ్చింది రాజకుమారి.

బ్రూనో పక్కనే నిలబడ్డ ఇందు హ్యాండ్‌బ్యాగులోంచి పిస్టల్ తీసి రాజకుమారికి గురిపెట్టింది. "ఎవరూ కదలొద్దు. నేను డిపార్ట్‌మెంట్ మనిషిని."

"నా మేనకోడల్నే కాలుత్తావేటే, ఓసి సెంటుబుడ్డీ!"

నీళ్ల చెంబు గాల్లో లేచి ఇందు మణికట్టుకు తగిలింది. పిస్టల్ బురదలో పడింది. బ్రూనో కారు చేరేలోపే చీఫ్ జీపులు దారికి అడ్డంగా ఆగాయి.

"గ్రేట్ ఆపరేషన్!" అన్నాడు చీఫ్, జీపు కూడా దిగకుండానే.

బొడ్డమ్మ మాత్రను కాలితో నలిపి ఆయన్ని ఎగాదిగా చూసింది. "దొంగ మందు పట్టేసినారు, బాగుంది బాబూ. మరి మంచి మందెప్పుడిత్తారు?"

చీఫ్ ఫైలంతా తిరగేశాడు. అందులో మంచి మందుకు కోడ్‌వర్డ్ కూడా లేదు.