సిస్టమ్ చెప్పింది, ఆమె వినలేదు

"ముఖం గుర్తించబడలేదు. దయచేసి మళ్ళీ ప్రయత్నించండి."

గేటు పక్క గోడకి బిగించిన మిషన్ తియ్యటి గొంతుతో మళ్ళీ అదే పాట పాడింది. దాని ముందు నిలబడ్డ అమ్మాయి నిలువునా తడిసిపోయి ఉంది. జుట్టులోంచి జారిన వాన నీళ్ళు ముక్కు చివరిదాకా వచ్చి, అక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించుకుని మరీ రాలుతున్నాయి.

ఆ మిషన్ బిగించినవాడు గేటుకి లోపలివైపు గొడుగు కింద పొడిగా నిలబడి ఉన్నాడు. ఆ చెప్పుల కంపెనీలో హెచ్ఆర్ సాఫ్ట్‌వేర్ పెట్టడానికి కాంట్రాక్టు మీద వచ్చాడతను. ఇంకా వారం కూడా కాలేదు.

"కొంచెం నవ్వండి మేడమ్," అన్నాడు వినయంగా.

"ఎందుకు?"

"ఐడీ ఫోటోలో నవ్వుతున్నారు. దానికి ఆ మొహమే తెలుసు."

"పొద్దున్నే వానలో తడిసొచ్చిన మొహం ఇలాగే ఉంటుంది. ఇది కూడా నేర్పించండి దానికి."

"చేసేద్దాం మేడమ్. ఈలోగా మిమ్మల్ని నేను లోపలికి పంపించేస్తాను. హెచ్ఆర్ ఆఫీసర్ కదా మీరు, మీకు లేట్ మార్క్ పడకుండా చూసుకుంటా."

అక్కడే నోరు జారాడు.

ఆమె కళ్ళు చిన్నవయ్యాయి. "నా వెనక ఎవరున్నారో కనిపిస్తోందా?"

గొడుగు కాస్త ఎత్తి చూశాడు. కుట్టు సెక్షన్ ఆడవాళ్ళు నెత్తి మీద ప్లాస్టిక్ కవర్లు కప్పుకుని, టిఫిన్ బాక్సులు గుండెకి హత్తుకుని బారుగా నిలబడి ఉన్నారు.

"వీళ్ళకి పడితే నాకూ పడాలి. నాకు పడకపోతే వీళ్ళకీ పడకూడదు. ఏదో ఒకటి తేల్చండి. అప్పటిదాకా ఇక్కడే ఉంటా."

"తడిసిపోతున్నారు మేడమ్..."

"ఇంకా తడవడానికి ఏం మిగిలింది?"

వెనక వరసలో కిసుక్కుమన్నారు. అతను గొడుగు వాచ్‌మన్ చేతికిచ్చి, దాన్ని లాప్‌టాప్‌కి అడ్డం పట్టమని చెప్పి, ఆ రోజు లేట్ మార్కులన్నీ రద్దు చేశాడు. పని అయ్యేసరికి లాప్‌టాప్ పొడిగా ఉంది, అతను ముద్దయిపోయాడు.

లోపలికి వెళ్తూ ఆమె ఒక్క క్షణం ఆగి అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "ఇప్పుడు మీరు మొహం చూపించినా అది గుర్తుపట్టదు," అని వెళ్ళిపోయింది. పెదవి చివర నవ్వు లాంటిదేదో ఉంది. అది నవ్వో కాదో తేల్చుకోలేక అతనికి ఆ రోజంతా పని సాగలేదు.

* * *

ఫ్యాక్టరీలో జనం అతన్ని 'సాఫ్ట్‌వేర్' అనేవారు. ఆమె మాత్రం 'చేసేద్దాం గారూ' అని పిలిచేది. ఎవరేమడిగినా అతని నోట్లోంచి ముందు వచ్చేది ఆ ఒక్క మాటే. కాదనడం అతనికి చిన్నప్పటినుంచీ చేతకాదు.

హెచ్ఆర్ గదికీ కుట్టు హాలుకీ మధ్య గోడ ఒక్కటే అడ్డం. అవతల మిషన్లు నడుస్తుంటే ఇవతల టేబుల్ మీద పెన్నులు వణికేవి. గది నిండా బంక వాసన, ఇనప బీరువాలు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఆ బీరువాల్లోని మనుషుల వివరాలన్నీ ఒక్కొక్కటే సిస్టమ్‌లోకి ఎక్కించేవారు.

పని నిజంగానే బాగా సాగింది. ఒకప్పుడు సెలవు కావాలంటే సూపర్‌వైజర్ల వెనక తిరగాల్సి వచ్చేది. ఇప్పుడు ఫోన్‌లో అడిగితే ఫోన్‌లోనే జవాబొస్తోంది. ఓవర్‌టైమ్ ఎన్ని గంటలు చేశారో ఎవరిది వాళ్ళకి కనిపిస్తోంది. కటింగ్ సెక్షన్ పెద్దాయన ఒకరోజు తన ఫోన్ తెచ్చి, "మేడమ్, ఈసారి నా గంటలు ఎవరూ మింగలేదు," అని చూపించి వెళ్ళాడు.

"మీ పనికి మొదటి సర్టిఫికెట్," అంది ఆమె.

"రెండోది మీరిస్తారా?"

"చూద్దాం. ప్రొబేషన్‌లో ఉన్నారు."

ఒకరోజు పొద్దున ఆమె ఫోన్ అతని ముందు పెట్టింది. 'ప్రియమైన ఉద్యోగీ, మీ జన్మదిన శుభాకాంక్షలు. మీ పుట్టినరోజు మా సంస్థకు గర్వకారణం' అని ఉంది.

"నేను పుడితే సంస్థకి గర్వమెందుకు?"

అతను కంగారుపడ్డాడు. "అది నేను రాసింది కాదండీ. సిస్టమ్ పంపింది."

"మరి మీరు రాస్తే ఏం రాసేవారు?"

గోడ అవతల మిషన్లు గరగరా తిరుగుతున్నాయి. అతని గొంతులో చాలా మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చి, తలుపు దగ్గర ఇరుక్కుపోయాయి.

"ఆలోచించి చెప్తా," అన్నాడు చివరికి.

"తొందరేం లేదు. ప్రతి ఏడాదీ వస్తుంది," అంటూ ఫోన్ తీసుకుంది. ఆ రోజు మధ్యాహ్నం దాకా ఆమె స్క్రీన్ వెనకనుంచి తల ఎత్తలేదు కానీ, చెవి అంచులు ఎర్రగా ఉన్నాయని మాత్రం అతను కనిపెట్టాడు.

* * *

ఆర్డర్లు తగ్గాయి. జనరల్ మేనేజర్ అతన్ని కేబిన్‌కి పిలిచాడు.

"ఏమయ్యా సాఫ్ట్‌వేర్, డేటా అంతా చేతిలో ఉంది కదా. ఎవరెంత పనికొస్తున్నారో ఒక స్కోరు వచ్చేలా చేయి. హాజరుకి ఎక్కువ మార్కులు, ఓవర్‌టైమ్‌కి తర్వాత. అడుగున ఉన్నవాళ్ళని తీసేద్దాం. మనం తీశామని ఎవరూ అనరు, సిస్టమ్ తీసింది."

"చేసేద్దాం సార్," అన్నాడు అలవాటు ప్రకారం.

చేసేశాడు కూడా. లెక్క బాగా కుదిరిందని కొంచెం సంబరపడ్డాడు. స్కోర్లు స్క్రీన్ మీదికి రాగానే, మెచ్చుకుంటుందన్న ఆశతో లాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు.

ఆమె పై వరసలు చూడలేదు. నేరుగా కిందికి జరిపింది. చూస్తున్నకొద్దీ ఆమె మొహంలో రంగు దిగిపోయింది.

"ఈమె ఎందుకు అడుగున ఉంది?"

"హాజరు తక్కువండీ. వరసగా చాలా రోజులు రాలేదు."

"రాలేదా? పురిటికి వెళ్ళింది. ఆ సెలవు ఇచ్చింది నేను. ఈవిడ? పిల్లాడికి ఆపరేషన్. ఈవిడ? అత్తగారు మంచం మీద ఉంటే చూసే దిక్కులేక. అడుగున అంతా కుట్టు సెక్షన్ ఆడవాళ్ళే! మీ సిస్టమ్‌కి రాలేదన్న సంగతి తెలుసు. ఎందుకు రాలేదో తెలుసా?"

"మార్కులు ఎలా వేయాలో జీఎం గారు చెప్పారండీ. నేను ఆ ప్రకారం..."

"లెక్క ఆయనది. మరి టైప్ చేసిన వేళ్ళు ఎవరివి?"

ఆమె కుర్చీ వెనక్కి తోసి లేచింది. "వాన రోజు తడిసి మరీ వాళ్ళ లేట్ మార్కులు తీసేసిన మనిషి వేరే ఎవరో అయ్యుంటారు," అని బయటికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత పని మాటలు తప్ప ఇంకో మాట లేదు. 'చేసేద్దాం గారూ' అన్న పిలుపు కూడా మాయమైంది. దానికోసం చెవులు ఇంతలా కాచుకుంటాయని అతను ఎప్పుడూ అనుకోలేదు.

ఇంట్లో ముద్ద మింగుడు పడలేదు. వదిన కనిపెట్టేసింది.

"ఏంటి మరిదిగారూ, అన్నంతో గొడవ పడ్డారా, అన్నం పెట్టబోయే అమ్మాయితోనా?"

"నేనే పెడతాలే వదినా, ఆ అమ్మాయి మాట్లాడితే చాలు," అని జరిగిందంతా చెప్పాడు.

వదిన ఒక స్కూల్లో లెక్కల టీచర్. పాప పుట్టినప్పుడు చాలా నెలలు ఇంట్లోనే ఉంది. అంతా విని పాపని భుజం మీద వేసుకుని లేచింది.

"అయితే మీ స్కోరులో నేనెక్కడుంటాను?"

అతను పళ్ళెంలోకి చూస్తూ ఉండిపోయాడు.

"సరే, చెప్పొద్దులెండి. తెలిసింది," అంది వదిన. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది అతనికి.

మర్నాడు పెందలాడే వెళ్ళి ఆమె టేబుల్ ముందు నిలబడ్డాడు. "తప్పు చేశానండీ. జీఎం గారి పేరు వెనక దాక్కున్నాను. ఆ లెక్క తప్పని ఆయనతోనే చెప్తాను."

ఆమె తలెత్తి చూసింది. "ఆయన ఒప్పుకోకపోతే?"

"అప్పుడేం చేయాలో ఇంకా తెలీదు. చెప్పడం మాత్రం ఖాయం."

"సరే, పదండి. నన్నూ రమ్మన్నారు," అంటూ ఆమె లేచింది.

* * *

జీఎం కేబిన్‌లో టేబుల్ మీద లాప్‌టాప్ తెరిచి ఉంది. ఉద్యోగాల్లోంచి తీసేసే పేర్లు వరసగా ఉన్నాయి, కింద 'అప్రూవ్' అని పచ్చటి బటన్.

"సార్, ఆ లెక్కలో తప్పుంది," అన్నాడు అతను. "హక్కుగా ఇచ్చిన సెలవుల్ని కూడా గైర్హాజరు కింద పట్టాను. అది సరిచేస్తే అడుగున ఈ పేర్లు ఉండవు."

"సరిచేస్తే ఇంకెవరివో ఉంటాయి. ఎవరో ఒకరు పోవాలి కదా! నాకు టైమ్ లేదు. మేడమ్, మీ లాగిన్‌లో ఆ బటన్ నొక్కండి. మెసేజ్‌లు వాటంతటవే వెళ్ళిపోతాయి."

"నొక్కను సార్."

"సిస్టమ్ చెప్పింది కదమ్మా!"

"చెప్పింది. నేను వినలేదు."

జీఎం కుర్చీలో ముందుకి వంగాడు. "మీ ఉద్యోగం గురించి కూడా ఆలోచించుకోండి."

"ఆలోచించుకున్నాకే వచ్చాను సార్. మనుషుల కోసం పెట్టిన డిపార్ట్‌మెంట్ ఇది. వాళ్ళని చూడకుండా ఇంటికి పంపేదాన్నయితే నా కుర్చీలో ఆ మిషన్‌నే కూర్చోబెట్టండి."

జీఎం ఆమెని వదిలేసి అతని వైపు తిరిగాడు. "నీ అడ్మిన్ లాగిన్‌లోంచి నువ్వు నొక్కెయ్యవయ్యా. ఎవరికీ తెలియదు."

అతని నాలుక అలవాటైన మాట కోసం కదిలింది. పక్కన ఆమె అతన్ని చూడటం లేదు, కిటికీలోంచి బయటికి చూస్తోంది. అడగడం లేదు, బతిమాలడం లేదు. ఏ వైపు వెళ్ళాలో అతన్నే తేల్చుకోమన్నట్టు ఉంది.

"కుదరదు సార్," అన్నాడు. తన గొంతేనా అని తనకే అనుమానం వచ్చింది.

"కుదరదా, చేయవా?"

"చేయను సార్."

"అయితే నీ కాంట్రాక్టు ఇవాళ్టితో సరి!"

"సరే సార్."

అప్పుడు ఆమె లాప్‌టాప్‌ని మెల్లగా జీఎం వైపు తిప్పింది. "ఈ బటన్ నొక్కే హక్కు మీ లాగిన్‌కీ ఉంది. నొక్కండి. కానీ మెసేజ్ వద్దు. నేను ఒక్కొక్కళ్ళనీ పిలుస్తాను, మీ నోటితో చెప్పండి." అంటూనే తలుపు తీసి, కుట్టు హాలువైపు ఒక కేక వేసింది.

లిస్టులో అడుగున ఉన్న బాలింత వచ్చింది. వేళ్ళకి అంటుకున్న దారపు పోగులు దులుపుకుంటూ, ఎందుకు పిలిచారో తెలియక ముగ్గురి మొహాలూ చూసింది.

"సార్, పిలిచారంట?"

జీఎం నోరు తెరిచాడు. మూశాడు. బల్ల మీది నీళ్ళ గ్లాసు అందుకున్నాడు, తాగకుండానే పెట్టేశాడు. బాలింత అలాగే ఎదురుచూస్తోంది. స్క్రీన్ మీద ఆమె పేరు పక్కన ఒక అంకె వెలుగుతోంది.

"పాప... పాప బాగుందా అమ్మా?"

"బాగుంది సార్. బోర్లా పడుతోంది."

"మంచిది. వెళ్ళు, పని చూసుకో."

బాలింత వెళ్ళాక జీఎం లాప్‌టాప్ తనే మూసేశాడు. "ఆర్డర్లు వచ్చేదాకా వారానికి ఒకరోజు ఫ్యాక్టరీ మూద్దాం. అందరికీ. నాతో సహా జీతం కోత," అని గొణిగాడు. వెంటనే గొంతు పెంచాడు. "మీకు మెమో మాత్రం తప్పదు మేడమ్. వీడికి కాంట్రాక్టు లేదు, అందులో మార్పు లేదు!"

"మెమో నేనే టైప్ చేసి తెస్తాను సార్. మీకు స్పెల్లింగులు తప్పుతాయి," అంది ఆమె.

* * *

అతను బ్యాగ్ సర్దుకుని గేటు దాటాడు. వెనకనుంచి అడుగుల చప్పుడు వినిపించింది.

"ఆగండి. ఎక్కడికి?"

"ఇంటికి. ఇప్పుడు నేను నిరుద్యోగిని కదా."

"నేను హెచ్ఆర్‌ని. నిరుద్యోగులతో మాట్లాడటమే నా పని. ఇంటర్వ్యూ చేయాలి, నడుస్తూ చెప్పండి."

ఇద్దరూ రోడ్డు వారగా నడిచారు. ఆమె గొంతు సవరించుకుంది. "లోపల ఎందుకు అలా అన్నారు? నా కోసమా?"

అతను ఆలోచించాడు. "కాదండీ. మీ కోసం అయితే మీరు చూడాలని మీ వైపు తిరిగి చెప్పేవాణ్ణి. అది నా కోసమే. ఆ బటన్ నొక్కి ఇంటికెళ్తే మా వదిన మొహం చూడలేను."

ఆమె నడక ఆపింది. "నా కోసమే అని ఉంటే ఇప్పుడే వెనక్కి వెళ్ళిపోయేదాన్ని."

"ఇప్పుడు వెళ్ళరా?"

"వెళ్ళను. పుట్టినరోజు సంగతి ఆలోచించి చెప్తానన్నారు. ఆలోచించడం అయిందా?"

ఈసారి మాటలు తలుపు దగ్గర ఇరుక్కోలేదు. "మీరు పుట్టారు కాబట్టి నాకు ఎదురుతిరగడం వచ్చింది. ఇంకొక్కసారి మీ ఎదురుగా కూర్చునే టేబుల్ దొరికితే, జీవితాంతం లేవను."

ఆమె అతని బ్యాగ్ పట్టీకి ఇవతలి కొస పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. బస్టాపు వచ్చింది, దాటిపోయింది. ఇద్దరూ గమనించలేదు.

* * *

ఆ ఆదివారం ఆమె అతన్ని ఇంటికి తీసుకెళ్ళింది. వాళ్ళ నాన్న అతన్ని కళ్ళజోడు పైనుంచి చూశాడు.

"ఏం చేస్తుంటావు బాబూ?"

"ప్రస్తుతానికి ఏం లేదండీ. వెతుక్కుంటున్నా."

"అయితే దొరికాక మాట్లాడుకుందాం."

"నాన్నా," అంది ఆమె, "ఉద్యోగం వచ్చాక చేసుకుంటే ఉద్యోగాన్ని చేసుకున్నట్టుంటుంది. నేను మనిషిని చేసుకుంటున్నాను. అడగడానికి కాదు, చెప్పడానికి వచ్చాం. వచ్చే నెల రిజిస్టర్ ఆఫీసులో సంతకాలు."

నాన్న నిస్సహాయంగా భార్య వైపు చూశాడు. "చూశావా? పుట్టిన దగ్గర్నుంచీ ఇంతే. ఎవరి మాటా వినదు."

"ముందే సంతకాలు కాదు," అన్నాడు అతను.

ఆమె గిరుక్కున తిరిగింది. "ఏంటి?"

"మా అన్నయ్యా వదినా వచ్చి మీ వాళ్ళతో మాట్లాడాలి. మా పాపని కూడా ఎత్తుకుని వస్తారు. వాళ్ళు లేకుండా నేను ఎక్కడా సంతకం పెట్టను. మీకు కోపం వచ్చినా సరే."

ఆమె ముక్కుపుటాలు అదిరాయి. అతను కళ్ళు దించలేదు. ఆమె ఇంకేదో అనబోయి, ఆగి, సోఫా దిండు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"సరే," అంది.

నాన్న కళ్ళజోడు తీసేశాడు. ఆ ఇంట్లో ఆ మాట తన కూతురి నోట వినడం ఆయనకి కొత్త. లేచి వచ్చి అతని భుజం మీద చేయి వేశాడు.

"మీ అన్నయ్య నంబరు చెప్పు బాబూ. నేనే ఫోన్ చేస్తా."