పేరు చెప్పి ఊదే శంఖం

అబిడ్స్‌లో చీరల దుకాణాల వెనక సందులో, పై అంతస్తులో ఉంటుంది రాణి కిరాయి గది. కింద టైలర్ల మిషన్ల మోత, పక్కన ఇరానీ హోటల్ నుంచి చాయ్ వాసన. దుకాణంలో పొద్దంతా నిలబడి చీరలు విప్పి చూపించి, మళ్లీ మడతలు పెట్టి, ఇంటికొచ్చి కాళ్లు వేడినీళ్లలో పెట్టుకుంటుంది. ఆ రోజు మాత్రం సెలవు పెట్టింది. తెల్లారితే తండ్రి భూమయ్య దినాలు. బయట సాయంత్రం వాన కురుస్తోంది. రాణి మంచం మీద కూర్చుని, ఒళ్లో శంఖం పెట్టుకుని పళ్లు నూరుతోంది.

నూరదా మరి? భూమయ్య దాసరి. చావు ఇంటి ముందు శంఖం ఊది, పాడె వెంట వల్లకాటి దాకా నడిచేవాడు. ఎంతమందిని సాగనంపాడో ఆయనకే తెలియదు. అలాంటి మనిషి పాడె లేచేటప్పుడు శంఖం ఊదే దిక్కు లేకపోయింది. ఊరి నుంచి చుట్టాలు శంఖం పట్టుకునే వచ్చారు. అన్న కరుణాకర్ వాళ్లను గేటు దగ్గరే ఆపాడు. నాంపల్లిలో అపార్ట్‌మెంట్ బతుకు కదా, ఇరుగుపొరుగు ఏమనుకుంటారో అని భయం. ఫోన్‌లో శంఖం మోత పెట్టాడు. మధ్యలో సబ్బు ప్రకటన వచ్చింది. తండ్రి శవం ముందు సబ్బు ప్రకటన!

“ఏందన్నా ఇది?” అని రాణి అడిగింది.

“సౌండ్ అయితే వచ్చింది గదా,” అన్నాడు.

ఆ మాటకు మండిన ఒళ్లు ఇంకా చల్లారలేదు. ఊపిరి లేని మోతకు ఏ ప్రాణం కదులుతుంది? తండ్రి ఇంకా ఆ ఫ్లాట్ వరండాలోనే, చెప్పులేసుకుని, ఎవరైనా ఊదుతారేమోనని కాచుకుని ఉన్నట్టే ఆమెకు తోచేది. అందుకే అన్న ఇంటి అటక మీదున్న తండ్రి శంఖాన్ని ఎవరినీ అడగకుండా తెచ్చుకుంది. రేపు పిండం పెట్టే చోట తనే ఊదాలి. ఊదలేకపోతే తండ్రి అక్కడే ఉండిపోతాడు.

కానీ ఆమెకు నేర్పిందెవరు? ఆడపిల్ల అని ఆమెను దూరంగానే ఉంచాడు భూమయ్య. నేర్పింది కొడుక్కి. వాడికేమో చిన్నప్పటి నుంచి దమ్ము జబ్బు. రెండడుగులు వేస్తే ఛాతీలో పిల్లికూతలు. వాకిట్లో తండ్రి చెప్పేది పొయ్యి దగ్గర కూర్చుని విన్నది రాణే.

“బుగ్గలు గాదు కొడుకా, కడుపు. ముక్కుతోని మెల్లగ పీల్చు. కడుపు నిండాలె. పెదాలు బిగవట్టి, సన్నగ ఇడువు. ఊదేముందు పోయినోని పేరు శంఖం మూతిల చెప్పాలె. బతికున్నోని పేరు మాత్రం దీని మూతికాడ తియ్యొద్దు.”

శంఖాన్ని మూతికి ఆనించింది. పాత గుగ్గిలం వాసన. చారల్లో ఎవరెవరి శవాల మీదో చల్లిన గులాలు ఇరుక్కుని ఉంది. ఊదింది. ఫుస్సుమంది. మళ్లీ ఊదింది. ఉమ్మి తప్ప ఏమీ రాలేదు. కళ్లు తిరిగాయి, బుగ్గలు నొప్పెట్టాయి, కోపం రెట్టింపైంది. అన్న మీద, నేర్పకుండా పోయిన తండ్రి మీద, పలకని శంఖం మీద.

అంతలో కరెంటు పోయింది. కింద మిషన్లు ఆగాయి. చీకట్లో వాన చప్పుడు ఒక్కటే మిగిలింది. రాణి మరోసారి బుగ్గలు పూరించింది.

“బుగ్గలు గాదు బిడ్డా...”

చెవి పక్కనే. గుసగుసగా.

ఆమె కదల్లేదు. గుగ్గిలం వాసన గదంతా నిండింది.

“కడుపు...”

“బాపూ?” అంది రాణి. భయం వేసింది. భయం కన్నా ముందు ఏడుపొచ్చింది. ఇన్నేళ్లకు, చచ్చాక, కూతురికి నేర్పుతున్నాడు. ముక్కుతో మెల్లగా పీల్చింది. కడుపు నిండింది. శంఖం పెదాలకు తాకింది. ఇక తండ్రి పేరు చెప్పడమే తరువాయి...

మంచం మీద ఫోన్ మోగింది. అన్న. శంఖం దించకుండానే స్పీకర్ నొక్కింది.

“రాణీ, మొజంజాహీ మార్కెట్ కాడున్న, నీ తాన్కే వస్తున్న,” అన్నాడు పిల్లికూతల మధ్య. “శంఖం ఇచ్చెయ్. రేపు గవన్నీ వద్దు. మంచి స్పీకర్ మాట్లాడిన. ఈసారి ప్రకటనలు రావు.”

పుట్టి బుద్ధెరిగాక అన్నను ‘అన్నా’ అని తప్ప పిలవని రాణి, ఆ క్షణాన ఒళ్లు మరిచిపోయింది.

“నువ్వేం కొడుకువురా, కరుణాకర్!”

ఆ కోపంలోనే కడుపు నిండా పీల్చి ఊదింది.

శంఖం పలికింది.

సందు దద్దరిల్లింది. కిటికీ అద్దాలు వణికాయి. ఊపిరి అయిపోయినా మోత ఆగలేదు... చాలాసేపటికి ఆగింది. కుక్క కూడా మొరగలేదు.

అప్పుడు తట్టింది ఆమెకు, శంఖం మూతిలో ఏ పేరు చెప్పిందో.

“అన్నా?”

ఫోన్ కట్ కాలేదు. అన్న మాట్లాడితే మాటకు ముందే పిల్లికూత వినపడేది. ఇప్పుడు వాన చప్పుడే. ఊపిరి చప్పుడు లేదు.

“అన్నా... పలుకన్నా! కోపంల అన్న... గంతే...”

వినపడింది. సన్నగా. ఈల వేసినట్టు. లోపలికి... బయటికి... కానీ ఫోన్‌లోంచి కాదు.

ఒళ్లోని శంఖంలోంచి.

దాన్ని మంచం మీదికి విసిరేసి తలుపు వైపు పరుగెత్తింది. మెట్ల మీద అడుగులు. అన్న ఈ మెట్లెక్కితే మలుపు మలుపుకీ ఆగి ఆయాసపడతాడు. ఈ అడుగులు ఆగలేదు. తలుపు తీసేసరికి ఎదురుగా కరుణాకర్. వానలో తడిసి, చేతిలో ఫోన్ వెలుగుతూ.

“అన్నా! మంచిగనే ఉన్నవా?” చేతులు పట్టుకుంది. చల్లగా ఉన్నాయి. వానకు అనుకుంది. అన్ని మెట్లెక్కి వచ్చినా ఛాతీ ఎగసిపడడం లేదు. అసలు కదలడమే లేదు.

అతను చేతులు విడిపించుకున్నాడు. లోపలికొచ్చి, చీకట్లో తడుముకోకుండా శంఖం తీసుకున్నాడు. పుట్టాక ఎన్నడూ దాన్ని సరిగ్గా పట్టుకోవడం రానివాడు, దాని మూతిని ఎడమ బొటనవేలితో తిప్పి తుడిచాడు. భూమయ్య తుడిచినట్టే.

“సబ్బు అమ్మిండు నా పాడె ముందట,” అన్నాడు. గొంతు అన్నదే. ఆ కోపం మాత్రం అన్నది కాదు.

శంఖంలో పిల్లికూతలు గబగబా ఎక్కువయ్యాయి. అతను దాని మూతి మీద అరచెయ్యి పెట్టి మూశాడు.

“రేపు దినాలకు నువ్వే ఊదు బిడ్డా,” అన్నాడు. “ఇయ్యాల చెప్పిన పేరు మార్చకు.”