ఐదో గేరులో పెళ్లికొడుకు

పలమనేరులో బస్సు దిగినప్పటి నుంచి బాలచంద్ర ఒకే మాటను నోట్లో నానబెట్టుకుంటూ నడిచాడు. "నన్ను వద్దని చెప్పేయండి." అంతే. ఆ మాట పెళ్లికూతురు లోహిత చెవిన వేసి మళ్లీ బస్సెక్కేయాలి. రేపు ఆదివారం తను అమ్మతో పెళ్లిచూపులకు వచ్చేలోపే పని అయిపోవాలి.

లోహిత వాళ్లింటి గేటు తీయగానే ఒక పాత ఎర్ర కారు ఎదురైంది. ముందు చక్రం ఒకటి లేదు. పైకెత్తిన బానెట్ పక్కన ఒక పసుపు చున్నీ కొస మాత్రం కనిపిస్తోంది.

"బెల్ట్ తెచ్చినారా?" అంది బానెట్ వెనకాల గొంతు.

బాలచంద్ర కంగారుగా నడుముకేసి చూసుకున్నాడు. "ఉండాది... పెట్టుకోనే వచ్చినా."

తల ఒకటి పైకి లేచింది. చెంప మీద గ్రీజు, ముక్కు మీద ఇంకాస్త గ్రీజు. ఫోటోలో పట్టుచీర కట్టుకుని తలొంచుకున్న అమ్మాయి ఈమేనని నమ్మడానికి అతనికి కాసేపు పట్టింది.

"ప్యాంటు బెల్ట్ కాదన్నా! టైమింగ్ బెల్ట్. చిత్తూరు స్పేర్‌పార్ట్స్ షాపు నుంచే కదా మీరు?"

'అన్నా' అన్న పిలుపు ఎక్కడో గుచ్చుకుంది. కాదని చెప్పాల్సింది. "అది వెనకాల వస్తా ఉండాది" అనేశాడు.

"వచ్చేదాకా ఊరికే నిలబడతారా? కార్లో కూర్చోండన్నా. ఐదో గేరు వేసి బ్రేకు గట్టిగా తొక్కండి. ఈ క్రాంక్ బోల్ట్ పొద్దున్నుంచి నాతో పంతం పట్టింది. నేను తిప్పితే ఇంజనే తిరిగిపోతా ఉండాది."

అతను ఎక్కి కూర్చుని తొక్కాడు. ఇద్దరి మధ్యా బానెట్ గోడలా ఉంది. గొంతులు మాత్రమే అటూ ఇటూ తిరిగాయి.

"మీకిది అలవాటేనా?"

"ఫస్ట్ టైం! వీడియోలు చూసి చూసి కళ్లు లాగేసినాయి. బెల్ట్ పాతబడింది, దారిలో తెగితే ఇంజనే పోతాదని మా నాయన బండిని పాత ఇనుముకు వేసేస్తానన్నాడు. నాకు డ్రైవింగ్ నేర్పిన బండి అబ్బా ఇది! నా చేత్తో బాగు చేసి సూపిస్తే అమ్మనని మాటిచ్చినాడు. పెళ్లయినా నాతోనే వస్తాది."

"పెళ్లి కుదిరిందా?"

"రేపొకాయన వస్తాడు సూసేదానికి. పులికాట్ సరస్సు కాడ పక్షుల్ని లెక్కపెట్టే ఉద్యోగమంట. మధ్యలో ఎగిరిపోతే ఏం చేస్తాడో పాపం!" పకపకా నవ్వింది.

"ఎగిరేముందు మెడలు సాపుతాయి. అప్పటికే లెక్క అయిపోవాల..." అని నాలిక కరుచుకున్నాడు.

"షాపులో ఉండేవాళ్లకు అది కూడా తెలుసా?"

"మా ఊరు ఆ పక్కనే."

"అట్లనా." పానా పిడికి పొడుగు పైపు తొడిగిన చప్పుడు. తర్వాత కాస్త తగ్గిన గొంతు. "ఎవరికీ చెప్పొద్దన్నా. ఫోటోలో ఆయన కళ్లు నిమ్మళంగా ఉండాయి. నాకు నచ్చినాడు."

బాలచంద్ర కాలు జారింది.

"బ్రేకు! బ్రేకు!"

అప్పుడే గేటు దగ్గర టీవీఎస్ ఆగింది. "మ్మా, నేను కుప్పయ్యను, షాపు నుంచి. బెల్ట్ తెచ్చినా" అని ఒక పెద్దాయన డబ్బా గోడ మీద పెట్టి వెళ్లిపోయాడు.

లోహిత మెల్లగా కిటికీ దగ్గరికొచ్చింది. వంగి అతని కళ్లలోకి చూసింది. చూసీ చూసీ రెండు చేతులతో మొహం కప్పుకుంది. గ్రీజు ఇంకాస్త అంటింది.

"అయ్యో దేవుడా! ఇందాకట్నుంచి అన్నా అన్నా అంటా ఉంటే చెప్పొచ్చు కదా!"

"చెప్పేదానికి..."

"కాలు తీయొద్దు! ముందు బోల్ట్. మీ సంగతి తర్వాత."

బరువంతా పైపు మీద వేసి వేలాడింది. టక్కుమని బోల్ట్ వదిలింది.

"ఇప్పుడు దిగి చెప్పండి. ఎందుకొచ్చినారు?"

"నన్ను వద్దని మీ నాయనతో చెప్పమని అడిగేదానికి."

ఆమె నవ్వు ఆగిపోయింది. "నేను నచ్చలేదా?"

"అది కాదు. మా ఇల్లు సరస్సు గట్టున ఉండాది. పక్కనే చేపలు ఎండేస్తారు. ఇంతకుముందు రెండు సంబంధాలవాళ్లు ఇల్లు సూసేదానికి వచ్చినారు. అమ్మ సీకట్లోనే లేచి ఇల్లంతా కడిగింది. వాళ్లు ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకోని కాఫీ కూడా తాగకుండా పోయినారు. నన్ను వద్దంటే నేను తట్టుకుంటా. ఇంటిని వద్దంటే ఆమె తట్టుకోలేదు."

లోహిత టార్చి అతని చేతికిచ్చింది. "పట్టుకోండి. వెలుతురు ఈడ పడాల."

పాత బెల్ట్ ఊడింది. బెల్ట్ తిరిగే పళ్ల చక్రాల్లో పైదాని మీది గుర్తు గీత, కిందదాని మీది గీత వాటి చోట్లకు కుదుర్చుకుని ఇద్దరూ కలిసి కొత్త బెల్ట్ ఎక్కించారు. సన్నటి తుంపర మొదలైంది. బాలచంద్ర అరుగు మీది టార్పాలిన్ పట్టా తెచ్చి ఇంజన్‌కూ, ఆమెకూ కలిపి కప్పాడు. అది ఇద్దరికి చాలదు. అయినా ఎవరూ బయటికి జరగలేదు.

"స్టార్ట్ చేద్దామా?"

"ఆగండి. ముందు చేత్తో తిప్పి సూడాల. ఒక్క పన్ను తప్పినా లోపల వాల్వులు, పిస్టన్లు గుద్దుకుంటాయి."

తిప్పింది. పై గీత పక్కకు జరిగి ఉంది.

లోహిత నేల మీద చతికిలబడింది. "తప్పింది. నా వల్ల కాదు. నాయన చెప్పిందే నిజం."

"ఇంకా ఏమీ పోలేదు కదా, ముందే సూసినాం కదా" అన్నాడు బాలచంద్ర. "లెక్కపెట్టడం నా ఉద్యోగం. రాండి, పళ్లు లెక్కపెడదాం."

ఒకటి, రెండు అని ఇద్దరూ చిన్నపిల్లల్లా గట్టిగా లెక్కపెడుతూ బెల్ట్‌ను తీసి మళ్లీ ఎక్కించారు. ఈసారి ఎన్ని చుట్లు తిప్పినా గీతలు తిరిగి వాటి చోటికే వచ్చాయి. విప్పినవన్నీ బిగించి, చక్రం ఎక్కించి, లోహిత కళ్లు మూసుకుని తాళం తిప్పింది. కారు ఒకసారి దగ్గి, హాయిగా గొంతు సవరించుకుంది.

ఆ శబ్దానికి మధ్యాహ్నం నిద్రలోంచి లేచి లోహిత తండ్రి సుబ్రమణ్యం అరుగు మీదికొచ్చాడు. "ఎవరమ్మా ఈయన?"

"పెళ్లికొడుకు నాయనా. ఒకరోజు ముందే వచ్చేసినాడు."

సుబ్రమణ్యం అతని నల్లటి చేతులకేసి చూసి నెత్తి కొట్టుకున్నాడు. "కాబోయే అల్లుడితో ఈ పనేందే!"

"రేపు వాళ్లు రావద్దులే నాయనా. బండి బాగైంది కదా, మనమే పోదాం." బాలచంద్ర వైపు తిరిగింది. "అత్తను ఇల్లు కడగొద్దని చెప్పండి."

వద్దని చెప్పమని అడగడానికి వచ్చినవాడు, ఎక్కడ వద్దంటుందోనని రాత్రంతా బస్సులో కునుకు తీయలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఎర్ర కారు గట్టు మీది ఇంటి ముందు ఆగింది. చేపల వాసన గాలిలో నిండుగా ఉంది. వాకిట్లో నిలబడ్డ బాలచంద్ర అమ్మ తిరుమలమ్మ పమిట కొంగు పిండేస్తోంది. డ్రైవింగ్ సీట్లోంచి లోహిత దిగింది. నీళ్లను చూసింది, ఇంటిని చూసింది, ఎండేసిన చేపల్ని చూసింది.

"ఇల్లు ఇట్లనే ఉంటాది పాపా," అంది తిరుమలమ్మ, తప్పు చేసినదానిలా. "వానొస్తే నీళ్లు గడపదాకా వస్తాయి."

లోహిత చుట్టూ చూసింది. "మరి బండి పెట్టుకునేదానికి ఎత్తు జాగా యాడన్నా ఉండాదా అత్తా?"

తిరుమలమ్మకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక కళ్లు నిండాయి. లోహిత చెయ్యి పట్టుకుని పెరటి వైపు లాక్కుపోయింది.

"ఉండాది, ఉండాది! ఆ దిబ్బ సూడు. బర్రెను కట్టేస్తా ఉండాం. దాన్ని ఈ పక్కకు మార్చేస్తాలే తల్లీ!"