గోడ మీద లేని పేరు

కుట్టుపని చేసే ఆవిడ డిటెక్టివ్ ఎదుటికొచ్చి, కుర్చీ కూడా లాక్కోకుండా అసలు విషయం చెప్పేసింది. "మా ఆయన పేరు మాయమైందమ్మా!"

ఆమె భర్త వెల్డరు. పనిలో రెండు కళ్లూ దెబ్బతిని, దాతలిచ్చే కొత్త కంటిపొర (కార్నియా) కోసం పద్నాలుగు నెలలుగా ఎదురుచూస్తున్నాడు. పోయిన నెల కంటి ఆసుపత్రి గోడ మీది జాబితాలో అతని పేరుంది. ఈ సోమవారం అంటించినదాంట్లో లేదు. ఎల్లుండి కంటిపొరలు వస్తున్నాయి.

"గుమస్తాతో నాకు మాటామాటా పెరిగింది. అతనే కొట్టేశాడని పెద్ద డాక్టరుగారు అతన్ని ఇంటికి పంపేశారు. విచారణ అయ్యేదాకా జాబితా ముట్టుకోరట."

డిటెక్టివ్ పక్కనున్న బాబాయి వైపు చూసింది. టైపిస్టుగా రిటైరైన ఆయన ఇప్పుడు ఆమెకు సహాయకుడు. అప్పటికే చెప్పుల్లో కాళ్లు పెట్టేశాడు.

గుమస్తా తన ఇంటి గుమ్మంలోనే నిలబడి మాట్లాడాడు. "ఆవిడ మీద నోరు పారేసుకున్నాను, నిజమే. అంతమాత్రాన చూపులేని మనిషి పేరు కొట్టేస్తానా?" లోపలికెళ్లి పోయిన నెల జాబితా తెచ్చిచ్చాడు. అందులో యాభై ఒక్క పేర్లున్నాయి.

ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసే ఇంజనీరు మర్యాదస్తుడు.

"వెల్డరు పేరు పోయిందట. మీ ప్రోగ్రాంలో తేడా ఏమైనా వచ్చిందా?" అని అడిగింది డిటెక్టివ్.

"లేదండీ. పేరు తెలియనిచోట గుమస్తా చుక్కలూ గీతలూ కొట్టేవాడు. శనివారం ఆ చెత్త తీసేశానంతే. పెద్ద డాక్టరుగారు ఊ అంటే ఆ ఐదుగురినీ పది నిమిషాల్లో ఎక్కించేస్తా."

ఆమె థాంక్స్ చెప్పి బయటికొచ్చింది. బాబాయి పాత జాబితాను గోడ మీది కొత్తదానితో పోల్చి, పోయిన పేర్లకు టిక్కు పెట్టి పైకి చదివాడు.

"ఇంకోసారి, బాబాయ్."

"ఎన్నిసార్లయినా చదువుతా. అన్నీ కలిపినా ఒక్క గుక్కకు సరిపోవడంలేదు."

ఆమె నవ్వింది. "నువ్వే పట్టేశావు."

మర్నాడు ఉదయం పెద్ద డాక్టరు గదిలో అందరూ చేరారు. వెల్డరు తన భార్య భుజం పట్టుకుని వచ్చి గోడవారగా కూర్చున్నాడు.

"పేరు ఎవరూ కొట్టెయ్యలేదు," అంది డిటెక్టివ్. "పోయిన ఐదూ రెండక్షరాల పేర్లు. మిగిలిన నలభై ఆరింట్లో అలాంటిది ఒక్కటీ లేదు. చెత్త తియ్యడానికి ఈ ఇంజనీరుగారు ప్రోగ్రాంలో మూడక్షరాలకు తక్కువున్నదల్లా వదిలెయ్యమని రాశారు. చుక్కలతోపాటు మనుషులూ పోయారు."

"అయితే పొరపాటేగా?" అన్నాడు పెద్ద డాక్టరు.

"శనివారం పొరపాటే. కానీ నేను ఒక్క వెల్డరు గురించే అడిగితే ఈయన ఐదుగురన్నారు. అప్పటికి మాకే లెక్క తెలియదు. అంటే తప్పు తెలుసు. తెలిసీ గుమస్తాను బలి కానిచ్చారు."

ఇంజనీరు తల దించుకున్నాడు. "నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదండీ. మంగళవారమే తెలిసింది. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ..."

పెద్ద డాక్టరు ముఖం ఎర్రబడింది. కుట్టుపని ఆవిడ అడ్డొచ్చింది. "తిట్టడం తర్వాత, సార్. ముందు పేర్లు ఎక్కించమనండి."

ఇంజనీరు అక్కడే కూర్చుని ఆ షరతు తీసేశాడు. కొత్త కాగితం వచ్చింది. పెద్ద డాక్టరు దాన్ని గుమస్తా చేతికిచ్చి, "మీరే చదవండి," అన్నాడు. గుమస్తా గొంతు సవరించుకుని వరసగా చదవసాగాడు. వెల్డరు పేరు దగ్గరికొచ్చేసరికి గొంతు కాస్త పెంచాడు.

"ఉన్నానండీ," అంటూ గోడ పట్టుకుని లేచి నిలబడ్డాడు వెల్డరు.