సంబంధం: అవయవం

ఫారంలో ఒక్క గడి మిగిలిపోయింది. తోడుగా వచ్చినవారికి పేషెంటుతో సంబంధం.

"కూతురా, కోడలా?" అని అడిగాడతను, చేతికంటిన ప్లాస్టర్ తుడుచుకుంటూ.

"రెండూ కాదు. అవయవం," అంది ఆ అమ్మాయి.

అతను కృత్రిమ కాళ్ళు తయారుచేస్తాడు. ఆరేళ్ళుగా అవయవాలతోనే అతని కాపురం. కానీ ఒక అవయవం ఎదురుగా కూర్చుని, కళ్ళజోడు సర్దుకుంటూ జవాబివ్వడం మాత్రం అదే మొదటిసారి.

"అవయవాలు మేమే చేసిస్తామండీ. ఇంటినుంచి తెచ్చుకోనక్కర్లేదు."

చక్రాల కుర్చీలో ఉన్న పెద్దమ్మ పకపకా నవ్వింది. అమ్మాయి నవ్వలేదు.

"మేమిద్దరం ఒకే చర్చి సంఘంలో సభ్యులం. అంటే బైబిలు లెక్కన ఒకే శరీరంలో అవయవాలం. మీకు జోకులా ఉంటే ఆ గడి ఖాళీగా వదిలేయండి."

ఆ కోపానికే మనవాడు ఫ్లాటైపోయాడు. నోరు మూసుకుని 'అవయవం' అని రాశాడు.

పెద్దమ్మకి షుగర్ వల్ల మోకాలి కిందనుంచి కాలు తీసేశారు. పెళ్ళి చేసుకోలేదు, నా అన్నవాళ్ళు లేరు.

"నాయనా, లేని బొటనవేలు నొప్పెడుతోంది. నాకేమన్నా మతి పోయిందంటావా?" అని గుసగుసగా అడిగింది.

"మతి బాగానే ఉంది పెద్దమ్మా. కాలు పోయిందంటే ఒళ్ళు ఒప్పుకోవట్లేదు. ఇంకా వెతుక్కుంటోంది. నొప్పి అందుకే."

ఆ మాట ఆవిడ జాగ్రత్తగా విని, మనసులో దాచుకుంది.

మరుసటి సోమవారం మనవాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, రెండుసార్లు తల దువ్వుకుని ఎదురుచూశాడు. పెద్దమ్మ కుర్చీ తోసుకుంటూ వచ్చింది మోచేతులదాకా పిండి అంటిన బేకరీ ఆయన.

"ఆవిడకి మీరేమవుతారు?"

"అవయవాన్నండీ," అన్నాడాయన, రొట్టె ధర చెప్పినంత మామూలుగా.

ఆ పై సోమవారం ఒక ప్లంబరు వచ్చాడు. తర్వాత బ్యాంకులో పెద్ద ఆఫీసరు వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని పెద్దమ్మ చెప్పు విప్పాడు. ఫారంలో ఒకే మాట నాలుగుసార్లు చేరింది. మనవాడికి నవ్వడం చేతకాలేదు.

ఐదో సోమవారం మళ్ళీ అమ్మాయే వచ్చింది. కళ్ళద్దాల షాపులో పనిచేస్తుందని అప్పటికి కూపీ లాగాడు.

"మీ వాళ్ళకి వేరే పనుల్లేవాండీ?"

"బోలెడున్నాయి. ఇదీ వాటిలో ఒకటి. ఆదివారం చర్చికి రండి, పెద్దమ్మ నడుస్తారు."

ఆదివారం వాన దంచేస్తోంది. అతను తడిసి ముద్దయి ఆఖరి వరసలో కిటికీ పక్క కుర్చీలో కూలబడ్డాడు. తాను చేసిన కాళ్ళు వర్క్‌షాపు గడప దాటాక ఎక్కడికి వెళ్తాయో అతనెప్పుడూ చూడలేదు. పెద్దమ్మ లేచి నిలబడింది. పాట ఆగిపోయింది. ఆవిడ ఒక అడుగు వేస్తే వందమంది ఊపిరి బిగబట్టారు. బేకరీ ఆయన చేతులు చాచి పక్కనే నడిచాడు కానీ ముట్టుకోలేదు. ఆవిడ ముందుకు చేరి రెండు చేతులూ ఎత్తి "తండ్రీ, నీకు స్తోత్రం" అనగానే, ఆ ఆఫీసరు చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. మనవాడు లేచి నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ తాను చేసినవి కాళ్ళని మాత్రమే అనుకున్నాడు.

తర్వాత రెండు నెలలు ఒక్క ఆదివారం మానలేదు. సగం సేపు పాస్టరుగారి మాటలు వినేవాడు, సగం సేపు మూడో వరసలో ఆమె జడ చూసేవాడు. చివరికి ఒకరోజు మెట్ల దగ్గర ధైర్యం చేశాడు.

"నేనూ సభ్యుణ్ణవుతా. ఫారం ఎక్కడిస్తారు?"

"ఎందుకవుతారు?"

"మీరున్నారు కదా!"

ఆమె ముఖం ఎర్రబడింది. అయినా తడుముకోకుండా అడిగింది. "రేపు నేను ఊరొదిలి వెళ్ళిపోతే?"

అతను "అప్పుడు..." అని మొదలుపెట్టి చొక్కా గుండీ తిప్పుకున్నాడు.

"అబద్ధం చెప్పలేదు, థాంక్స్. జవాబు దొరికాక చెప్పండి," అని గొడుగు విప్పి వెళ్ళిపోయింది.

సిగ్గుతో అతను రెండు ఆదివారాలు మానేశాడు. తప్పుకోవడమే మర్యాద అనుకున్నాడు. సోమవారం పెద్దమ్మ తనంతట తాను నడుచుకుంటూ వర్క్‌షాపుకి వచ్చింది.

"కాలు ఒరుసుకుంటోందా పెద్దమ్మా?"

"కాలు బంగారంలా ఉంది."

"మరి నొప్పెక్కడ?"

"ఆఖరి వరసలో. కిటికీ పక్క కుర్చీలో."

అతను స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టేశాడు.

"లేని అవయవాన్ని ఒళ్ళు వెతుక్కుంటుందని నువ్వేగా చెప్పావు? రెండు వారాలుగా వెతుక్కుంటున్నాం నాయనా. ఆ పిల్ల పంపిందనుకునేవు. అది ట్రైనింగుకని మూడు నెలలు ఊరెళ్ళింది."

ఆమె లేదు. అయినా తన కుర్చీ నొప్పి పెడుతోందట! తనలాంటివాడి కోసం కూడా నొప్పి పడే శరీరం ఒకటుందని తెలిసి, అతను పనిబల్ల పక్కనే కూర్చుండిపోయాడు.

ఆ ఆదివారం వెళ్ళాడు. మూడో వరస ఖాళీగా ఉంది. చూసేందుకు జడ లేకపోయేసరికి ముందున్న సిలువను చూశాడు. ఆ వారం కుర్చీలు సర్దాడు. పై వారం మంచంపట్టిన ఒక ముసలాయనకి గడ్డం గీశాడు. ఒకరోజు ప్రార్థనలో అందరితోపాటు మోకరించి, అందరూ లేచాక కూడా లేవలేకపోయాడు. మూడో నెలలో బాప్తిస్మం తీసుకున్నాడు.

మరుసటి సోమవారం పెద్దమ్మ కాలికి పట్టీ మార్చాలి. అతనే కారులో తీసుకొచ్చి, ఫారం నింపుతున్నాడు. సంబంధం గడిలో ఆ ఒక్క మాట రాసేసరికి తలుపు తెరుచుకుంది. ఊరినుంచి తిన్నగా బ్యాగుతోనే వచ్చింది ఆమె. భుజం మీదుగా వంగి అతను రాసిన మాట చదివింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది, మళ్ళీ చదివింది.

"జవాబు దొరికిందా?"

"దొరికింది. మీరు వెళ్ళిపోయినా నేనిక్కడే ఉంటాను." ఒక్క క్షణం ఆగాడు. "కానీ మూడు నెలలూ ఒకటే నొప్పండీ."

"ఎక్కడ?"

"మూడో వరసలో."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పెదాల మీద నవ్వు ఆగలేదు. "మీరంటే ఇష్టమని ఆ రోజు మెట్ల మీదే చెప్పేదాన్ని. చెప్పుంటే మీరు నా కోసమే ఉండిపోయేవారు. అందుకే నోరు కట్టేసుకున్నా."

అతను ఆమె చేతిలోని బ్యాగు అందుకున్నాడు.

"ఒరే అవయవాల్లారా," అంది పెద్దమ్మ ఒంటికాలి మీద నిలబడి, "పెళ్ళికి నేను ముందు వరసదాకా నడిచి వస్తాను. ముందు నా కాలు నాకివ్వండి!"