దాహం లేని చెట్టు

చెట్ల సంగతి నన్నడగాలి. నా చెయ్యి తగిలితే మా గడపకు కూడా చిగుళ్లొస్తాయి. తలుపు వేసుకోవాలంటే ముందు కొమ్మలు కత్తిరించుకోవాలి. అంతటివాణ్ణి ఎదురింట్లో ఉండగా వడ్రంగి ఇంట్లో క్రిస్మస్ చెట్టు ఎందుకు ఎండిందని అడుగుతారేమో, చెబుతాను.

ఆ ఉదయం వడ్రంగి ముందుగదిలో నేల మీద బోర్లా పడుకుని, చెట్టు కింది తొట్టిలోకి తొంగి చూస్తున్నాడు. మనిషెత్తు చెట్టు, సూదుల్లాంటి ఆకులు. అంగట్లో ఏరి ఏరి తెచ్చి ఆరు రోజులైంది.

"నిన్న ఎన్ని నీళ్లున్నాయో ఇవాళా అన్నే. చుక్క తగ్గలేదు," అన్నాడు తృప్తిగా.

"ఆకులు మాత్రం చేటెడు రాలాయి," అంది భార్య, చీపురుతో వచ్చి. "తెల్లారి ఊడవడం ఇది రెండోసారి."

"దానికి దాహం లేదే పిచ్చిదానా. కడుపు నిండా తాగేసింది."

"కడుపు నిండితే ఆకులు రాలతాయా? ఏమో, మీ బట్టతల చూస్తే నిజమేననిపిస్తోంది."

వాళ్లకు ఒక్కతే కూతురు. చిన్నప్పుడు ప్రతి ఏడూ నిజమైన చెట్టు కావాలని మారాం చేసేది. తండ్రి చెక్కముక్కలు బిగించి, ఆకుపచ్చ రంగు వేసి, "ఇది ఎండదు, రాలదు, పదేళ్లుంటుంది" అనేవాడు. పెద్దయ్యాక, మొక్కల తోట నడిపే ఒకతన్ని చేసుకుంటానంది. "మట్టి పిసుక్కునేవాడి మాట ఈ ఇంట్లో ఇంకెప్పుడూ ఎత్తకు," అన్నాడు. ఆ పిల్ల ఎత్తలేదు. అతన్నే చేసుకుంది, మూడేళ్లుగా గడప తొక్కలేదు. తల్లి ఫోన్లో బతిమాలగా బతిమాలగా ఇవాళ మొగుడితో వస్తోంది, అదీ సాయంత్రం బస్సు వేళ వరకే. తప్పయిందని నోటితో చెప్పడం వడ్రంగికి చేతకాదు. అందుకే చెట్టు తెచ్చాడు.

పదింటికి వచ్చారు. కూతురు గుమ్మంలోనే ఆగిపోయింది.

"నాన్నా! నిజం చెట్టా?"

పరుగున వచ్చి కొమ్మ పట్టుకుంది. జలజలా గుప్పెడు ఆకులు రాలాయి. ఆ పిల్ల ముఖంలో వెలుగు కూడా వాటితోనే రాలింది.

"అంగడివాడు నిలవ సరుకు అంటగట్టాడమ్మా," అన్నాడు వడ్రంగి.

అల్లుడు మోకాళ్ల మీద కూర్చుని, తొట్టిలో చెయ్యి పెట్టి తడిమాడు. "మామయ్యా, అడుగున నున్నగా తగులుతోంది. ఏమైనా పూశారా?"

"మైనం. పచ్చి దుంగకు కోసినచోట మైనం పెట్టకపోతే ఎండి పగుళ్లిస్తుంది. నలభై ఏళ్లుగా చేస్తున్న పనే. మూడు పూతలు వేశాను."

కొవ్వొత్తులు కరిగించి ఇచ్చింది నేనే. "ఇంకో పూత వెయ్యి బావా, గట్టిగా ఉంటుంది" అన్నదీ నేనే. మా గడపకు చిగుళ్ల మాటంటారా, అది సిమెంటు గడప.

"దుంగకైతే సరే మామయ్యా. కానీ ఇది ఆ కోతలోంచే నీళ్లు తాగాలి. తెచ్చిన రోజే అడుగున చిన్న ముక్క కోసేసి నీళ్లలో పెట్టుండాల్సింది."

"అంటే పగలకుండా నోరు మూశావన్నమాట," అంది కూతురు. "నీకలవాటేగా నాన్నా."

"ఇప్పుడెందుకే అవన్నీ? ముందు మంచినీళ్లు తాగు," అంది తల్లి.

"ఎప్పుడమ్మా మరి? పోయినేడు పది రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. రోజూ ఫోన్ చేతిలోకి తీసుకునేదాన్ని. మళ్లీ ఏ మాట ఎత్తకూడదోనని పెట్టేసేదాన్ని."

"నాక్కూడా చెప్పలేదేమే?" అంది తల్లి.

"పగిలిపోతావేమోనని భయమేసిందమ్మా," అన్నాడు వడ్రంగి. "చెట్టుకైనా నీకైనా నాకు తెలిసిన వైద్యం అదొక్కటే. తప్పు చేశాను."

అతడు లోపలికి వెళ్లి రంపం తెచ్చి అల్లుడికి అందించాడు. "ఇది నీ పని. నువ్వు కొయ్యి బాబూ."

"కోస్తాను. వంకర పోకుండా మీరు చూడండి మామయ్యా."

చెట్టును పడుకోబెట్టారు. కదలకుండా మొదలు పట్టుకునేవాళ్లు కావాలి. కూతురు చెంగుతో కళ్లు తుడుచుకుని తండ్రి పక్కన కూర్చుంది. మైనం ముక్క తెగిపడింది. కొత్త నీళ్లు పోశారు. గంటలో తొట్టి ఖాళీ, మళ్లీ నింపితే మళ్లీ ఖాళీ! బస్సు వేళకు చెట్టు పెళ్లికూతురిలా కళకళలాడింది. బస్సు వెళ్లిపోయింది, కూతురూ అల్లుడూ వెళ్లలేదు.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే, చెట్టు కళకళలాడటం. నిజానికి అది కోలుకోలేదు. అప్పటికే ఆలస్యమైంది. తొట్టిలో నీళ్లు వేలెడు తగ్గాయి, అంతే. పండగనాటికి పుల్లలే మిగిలాయి. ఆ పుల్లలకే కూతురు దీపాలు కట్టింది. అల్లుడు స్టూలు పట్టుకున్నాడు. వడ్రంగి కింద నిలబడి, "ఇంకాస్త ఎడమకమ్మా... అటు కాదు, ఇటు," అని పొద్దుపోయేదాకా పేచీ పెడుతూనే ఉన్నాడు.